చలికాలంలో మా కారు మైలేజీ 15 నుంచి 11కి పడిపోయింది, చలి వల్లేనా?

ప్రశ్న: మాది నిజాంపేట. 2018 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 1.2 ఇంజను, మాన్యువల్ గేరు. దసరా దాకా లీటరుకి 15 ఇచ్చేది, నవంబరు నుంచి స్క్రీన్ మీద 11 దాటట్లేదు. మా ఆయన చలి వల్లే అంటారు, చికాగోలో ఉన్న మా మరిది కూడా అక్కడ చలికాలం వస్తే మైలేజీ పడిపోతుందనే చెప్పాడు. మా మామగారేమో ఇంజను సరిగ్గా వేడెక్కట్లేదని రోజూ పొద్దున కిందికి దిగి పావుగంట కారు ఆన్‌లో పెట్టి వస్తారు. పిల్లల్ని ఇదివరకు స్కూటీ మీద దింపేదాన్ని, చలిగాలికి జలుబు చేస్తోందని ఇప్పుడు కారులోనే తీసుకెళ్తున్నా, స్కూలు మూడు కిలోమీటర్లు. శని ఆదివారాలు సంగారెడ్డిలో మా అమ్మవాళ్లింటికి వెళ్లేవాళ్లం, ఈ మధ్య కుదరట్లేదు. దసరా తర్వాత మా గల్లీ చివర ఉన్న గ్యారేజీలో సర్వీసింగ్ చేయించాం, కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) కూడా మార్చారు. ఇప్పుడు అదే మెకానిక్ ఇంజనులోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి, మూడు వేలు అవుతుంది అంటున్నాడు. పక్క ఫ్లాట్ ఆయన మాత్రం అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మహిమ అంటారు. మేలో ఖమ్మం పెళ్లికి ఫుల్ ఏసీ వేసుకుని వెళ్లినా 15కి తగ్గలేదు, ఇప్పుడు ఏసీ లేకుండా 11 ఏంటండీ? తెల్లారుజామున పెట్రోల్ కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు, అదైనా నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు వేలు పర్సులోనే ఉంచండి. ఇంజెక్టర్ల సంగతి తర్వాత చూద్దాం, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది, కాకపోతే మీరు చలి గురించి రాస్తూ మధ్యలో మామూలుగా చెప్పేసి పోయిన విషయాల్లో ఉంది.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం మామూలు పెట్రోల్ కారు సిటీలో తిరిగేటప్పుడు, బయట 25 డిగ్రీలు ఉన్నప్పటి కన్నా మైనస్ 7 ఉన్నప్పుడు మైలేజీ 15 శాతం దాకా తక్కువ వస్తుంది, అదే ఐదారు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులైతే 24 శాతం దాకా కూడా పడిపోవచ్చు. చికాగోలో జనవరి అంటే మైనస్ 7 పెద్ద విషయం కాదు. అక్కడ అద్దాల మీద మంచు గీకాలి, హీటరు, సీటు హీటరు, వెనకద్దం డీఫాగరు అన్నీ నడవాలి, రోడ్డు మీద మంచు ఉంటే టైర్లు జారతాయి, చలికాలంలో అక్కడ అమ్మే పెట్రోల్ మిశ్రమం కూడా వేరు, దాన్లో శక్తి వేసవి పెట్రోల్ కన్నా కాస్త తక్కువ. ఇవన్నీ కలిస్తే ఆ 15, ఆ 24.

మరి మన దగ్గర? హైదరాబాద్‌లో ఇప్పటిదాకా రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. మైనస్ కాదు, ప్లస్. మామూలుగా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సిటీలో 12 నుంచి 15 మధ్య ఉంటుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఒక్కోసారి పది లోపలికి జారుతుంది, టీవీలో మఫ్లర్లు చూపించి గజగజ అంటారు, మధ్యాహ్నానికల్లా 28 అయిపోయి స్వెటర్ విప్పేస్తాం. ఈ చలికి లీటరుకి నాలుగు కిలోమీటర్లు పోవడం అంటే నేను నమ్మను. నాలుగు అంటే మీ 15లో పావు వంతు కన్నా ఎక్కువ, అంటే చికాగోలో గడ్డకట్టే చలిలో పోయేదాని కన్నా ఎక్కువ మన నిజాంపేటలో పోతోందన్నమాట. కుదరదు కదా.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే బయటి చలి వేరు, ఇంజను చలి వేరు. ఇంజను లోపల కూలెంట్ దాదాపు 90 డిగ్రీల దగ్గర ఉంటేనే అది హాయిగా పని చేస్తుంది. ఆ లెక్కన చూస్తే మనకి చెమటలు పట్టే మే నెల పొద్దున 30 డిగ్రీలు కూడా ఇంజనుకి చలే. ఇప్పుడు 15 నుంచి 90కి ఎక్కాలి, అప్పుడు 30 నుంచి 90కి ఎక్కాలి, అంతే తేడా. ఎక్కే దూరం పావు వంతు పెరిగింది, నిజమే, కానీ ఎక్కాల్సిన పని ఏడాది పొడుగునా ఉంది. ఆ ఎక్కే టైమ్‌లో ఎంత దూరం తిరుగుతున్నారు, ఎన్నిసార్లు మొదట్నుంచి ఎక్కిస్తున్నారు అన్నదాని మీదే మీ మైలేజీ ఆధారపడి ఉంటుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు లోపల జరిగేది ఇదీ. పెట్రోల్ ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. లోపలి గోడలు చల్లగా ఉంటే కొంత పెట్రోల్ ఆవిరి కాకుండా వాటికే అంటుకుపోతుంది, అందుకని ఈసీయూ అనే కంప్యూటర్ డబ్బా తెలివిగా కావాల్సిన దాని కన్నా ఎక్కువ పెట్రోల్ కొడుతుంది, ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం కూడా పెంచుతుంది, మీరు పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజను గట్టిగా అరిచి కాసేపటికి నెమ్మదించేది అందుకే. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు కూడా బాగా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు, అప్పటిదాకా ఈసీయూ అంచనా మీదే పెట్రోల్ పోస్తుంది. ఇంజనాయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ చిక్కగా ఉంటాయి కాబట్టి తిప్పడానికే కొంత శక్తి పోతుంది. పెనం కాలకముందు వేసిన మొదటి దోశ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, నూనె ఎక్కువ తాగుతుంది, అంటుకుంటుంది, చిరుగుతుంది, కానీ నాలుగో దోశకల్లా అంతా సర్దుకుంటుంది. మీరు చేస్తున్నదేంటంటే రోజూ మొదటి రెండు దోశలు వేసి పొయ్యి ఆర్పేస్తున్నారు, మధ్యాహ్నం మళ్లీ చల్లారిన పెనం మీద ఇంకో రెండు.

మే నెలలో 15 ఎందుకొచ్చిందో ఇప్పుడు చూడండి. ఆ ఎండల్లో ఏసీ తక్కువేం తినదు, మరీ వేడిగా ఉన్నప్పుడు చిన్న ట్రిప్పుల్లో ఏసీ వల్ల మైలేజీ 25 శాతం కన్నా ఎక్కువ కూడా పడిపోవచ్చని ఆ అమెరికా వాళ్లే చెప్తారు. అంటే వేసవిలో మీ కారు ఇంకా దారుణంగా ఉండాలి. కానీ మేలో స్కూళ్లకి సెలవులు, కారు ఖమ్మం దాకా వెళ్లింది, ఇంజను ఒక్కసారి వేడెక్కి గంటల కొద్దీ అదే వేడిలో నడిచింది, హైవే మీద టాప్ గేర్‌లో. దసరా దాకా కూడా అంతే, వారం మధ్యలో స్కూటీ, శని ఆదివారాలు సంగారెడ్డి. మీ కారు పాపం అప్పటిదాకా ఎక్కువగా పొడుగు ప్రయాణాలే చేసింది. నవంబరు నుంచి దాని ఉద్యోగం మారిపోయింది. చలి చేసిన పని ఏదైనా ఉందంటే మిమ్మల్ని స్కూటీ దింపి కారు ఎక్కించడమే.

ఇంక లెక్క కడదాం, నాకు ఇది ఇష్టమైన భాగం. పొద్దున స్కూలుకి మూడు, తిరిగి మూడు, మధ్యాహ్నం మళ్లీ మూడు, మూడు, మొత్తం 12 కిలోమీటర్లు. వేడెక్కిన ఇంజనుతో లీటరుకి 15 చొప్పున అయితే 800 మిల్లీలీటర్ల పెట్రోల్ చాలు. కానీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చల్లారిన ఇంజనుతో మొదలవుతున్నారు కాబట్టి ఇంకో పది శాతం కలపండి, ఇది నా అంచనా, కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, 880 అయింది. ఇప్పుడు మామగారి పావుగంట. ఇలాంటి చిన్న ఇంజను ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి అర లీటరు నుంచి లీటరు మధ్య తాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు పై అంచు దగ్గరే ఉంటుంది, పావుగంటకి 200 అనుకుందాం. మొత్తం 1080 మిల్లీలీటర్లు. పన్నెండుని 1.08తో భాగిస్తే 11.1. మీ స్క్రీన్ మీద ఎంత చూపిస్తోందన్నారు?

ఆ 200 మిల్లీలీటర్లకి కారు ఒక్క అడుగు కూడా కదల్లేదు, అందుకే అది మైలేజీని అంత గట్టిగా కొడుతుంది. సంగారెడ్డి వెళ్లొచ్చే రోజు ఇదే పావుగంట పెట్టినా స్క్రీన్ మీద పెద్దగా కనిపించదు, ఎందుకంటే అక్కడ తిరిగే దూరం ఎక్కువ. ఆరు కిలోమీటర్ల కోసం పావుగంట వేడి చేస్తే మాత్రం దొరికిపోతుంది. హైదరాబాద్‌లో 2025లో లీటరు 107 రూపాయల చిల్లర ఉండేది, ఆ లెక్కన రోజుకి ఇరవై ఒక్క రూపాయి, నెలకి పాతిక స్కూలు రోజులు వేసుకున్నా ఐదొందలు దాటుతుంది. మెకానిక్ అడిగిన మూడు వేలు ఆరు నెలల్లో సెల్లార్‌లోనే పొగైపోతోంది.

మామగారితో ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలుసు, మీరు చెప్పకండి, మీ ఆయనతో చెప్పించండి. పైగా ఆయన చేస్తున్నదాన్ని వెటకారం చేయాల్సిన పని లేదు, ఆయన కాలంలో అదే కరెక్టు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800 ఇవన్నీ కార్బురేటర్ బళ్లు, చోక్ లాగి స్టార్ట్ చేసి కాసేపు వేడెక్కనివ్వకపోతే గేటు దాటేలోపు ఆగిపోయేవి, వెనకాల నాలుగు హారన్లు. 2000 చుట్టుపక్కల నుంచి కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చేసింది, చోక్ పని అంతా ఈసీయూ చూసుకుంటోంది. మీ కారుకి స్టార్ట్ చేశాక అర నిమిషం చాలు, సీటు బెల్టు పెట్టుకుని, వెనక పిల్లలు బ్యాగులు సర్దుకుని, చిన్నాడు వాటర్ బాటిల్ మర్చిపోయానని గోల చేసేలోపు ఆ అర నిమిషం అయిపోతుంది. ఆ తర్వాత కదలండి, కాకపోతే మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కకుండా, ఆర్‌పీఎం రెండున్నర వేలు దాటకుండా. చాలా కార్లలో స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద నీలం రంగులో థర్మామీటర్ బొమ్మ వెలుగుతుంది, ఇంజను ఇంకా చల్లగా ఉందని గుర్తు, అది ఆరిపోయేదాకా మెల్లగా వెళ్తే సరిపోతుంది. నిలబెట్టి వేడి చేసే కన్నా మెల్లగా నడిపితే ఇంజను త్వరగా వేడెక్కుతుంది, గేర్‌బాక్స్, టైర్లు కూడా దాంతోపాటే వేడెక్కుతాయి, నిలబెడితే అవి చల్లగానే ఉంటాయి.

అప్పటికీ మామగారు వినకపోతే సెల్లార్ సంగతి చెప్పమనండి. చల్లగా ఉన్న ఇంజను నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా 250, 300 డిగ్రీలు చేరితే గానీ ఆ పొగని శుభ్రం చేయదు. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఎక్కడుంటుంది? ఆ పార్కింగ్‌లోనే ఓ మూల, పొద్దున పూట ఇంకా పిల్లలు పడుకునే ఉంటారు. మూసి ఉన్న సెల్లార్‌లో పావుగంట ఇంజను నడపడం పెట్రోల్ దండగ అనే కన్నా ముందు ప్రమాదం. పెద్దాయన పెట్రోల్ ఖర్చు మాటకి వినకపోయినా ఈ మాటకి తప్పకుండా వింటారు.

ఒక మాట, చిన్న చిన్న ట్రిప్పులు తప్పవనుకోండి, వాటిని కలపండి. పిల్లల్ని దింపి ఇంటికొచ్చి, పదకొండింటికి మళ్లీ స్టార్ట్ చేసి కూరగాయలకి వెళ్లే బదులు అటు నుంచి అటే కేపీహెచ్‌బీ రైతు బజార్‌కి వెళ్లి రండి, ఇంజను అప్పటికే వేడి మీద ఉంటుంది, అరగంట ఆపినా పెద్దగా చల్లారదు. పక్క ఫ్లాట్ ఆయన పిల్లలు కూడా అదే స్కూలైతే ఒక వారం మీరు, ఒక వారం ఆయన, ఈ20 మీద ఉపన్యాసాలు కూడా తగ్గుతాయి. ఎండ వచ్చాక స్కూటీ తీస్తే మధ్యాహ్నం ట్రిప్పులో చలి అనే మాటే ఉండదు, స్వెటర్ తీసేసి బ్యాగులో కుక్కే టైమ్ అది.

టైర్ల గాలి మాత్రం చూసుకోండి, చలి నిజంగా చేసే పని అదొకటి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే టైర్‌లో గాలి దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. మీరు ఆఖరిసారి గాలి ఎప్పుడు కొట్టించారు? చాలామంది ఏదో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో బంకు దగ్గర కొట్టించి మర్చిపోతారు, అదే టైరు జనవరి పొద్దున 13 డిగ్రీల్లో నాలుగైదు పీఎస్ఐ తక్కువ ఉంటుంది, నెలల తరబడి దానంతటదే కారిపోయేది వేరే. దానివల్ల మైలేజీ అయితే మరీ ఘోరంగా ఏం పడిపోదు, ఒక్కో పీఎస్ఐకి 0.2 శాతం చొప్పున, ఐదు తగ్గితే ఒక శాతం. కానీ టైరు అంచులు త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద బ్రేకు కూడా సరిగ్గా పడదు. డ్రైవరు డోరు తీస్తే పక్కన స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎంత రాసుందో అంత, పొద్దున బండి ఎక్కువ తిరగకముందు కొట్టించండి. బంకు కుర్రాడు అడక్కుండానే అన్ని బళ్లకీ 35 కొట్టేస్తాడు, మీ నంబరు మీరే చెప్పండి. నైట్రోజన్ కొట్టిస్తే చలికి తగ్గదని పంక్చర్ షాపుల్లో బోర్డులు పెడతారు గానీ నైట్రోజన్ కూడా వాయువే, చలికి అదీ మామూలు గాలిలాగే తగ్గుతుంది, మామూలు గాలిలో 78 శాతం ఉండేదీ అదే.

ఈ20 విషయంలో పక్కింటాయన చెప్పేదాన్ని కొట్టిపారేయను. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే మైలేజీ కొంత తగ్గాల్సిందే, ఇందులో రాజకీయం ఏం లేదు. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన రోడ్‌మ్యాప్‌లోనే ఈ లెక్క ఉంది, పాత డిజైన్ కార్లకి 6, 7 శాతం దాకా, ఈ20కి ట్యూన్ చేసిన వాటికి ఒకటి రెండు శాతం. మీది 2018 బండి కాబట్టి మొదటి లెక్కకే దగ్గర అనుకోండి. చలికి ఇథనాల్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది, అది ఆవిరి కావడానికి పెట్రోల్ కన్నా చాలా ఎక్కువ వేడి పీల్చుకుంటుంది, బ్రెజిల్‌లో అచ్చంగా ఇథనాల్ మీద కూడా నడిచే ఫ్లెక్స్ కార్లలో చలికి స్టార్ట్ కాక, దాని కోసమే బానెట్ కింద చిన్న పెట్రోల్ ట్యాంకు విడిగా పెట్టేవారు. మనది 20 శాతమే, హైదరాబాద్ చలికి స్టార్టింగ్ ఇబ్బంది రాదు. కానీ ఒక్క ప్రశ్న వేయండి ఆయనకి, ఈ20 నవంబరులోనే ఊడిపడిందా? 2025 నుంచీ మన బంకుల్లో అదే కొడుతున్నారు, దసరాకి మీకు 15 ఇచ్చినప్పుడు కూడా ట్యాంకులో అదే ఉంది. అంటే దాని నష్టం మీ 15లోనే కలిసిపోయి ఉంది, ఇప్పుడు పోయిన నాలుగింటికి అది బాధ్యత కాదు.

తెల్లారుజామున పెట్రోల్ కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్నది మా నాన్నగారి తరం నుంచీ వింటున్నా, దాన్లో ఫిజిక్స్ నిజమే, లాభమే లేదు. పెట్రోల్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది, చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది. కానీ బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ దాని వేడిలో పెద్దగా తేడా రాదు. పోనీ రెండు డిగ్రీలు తేడా ఉందనుకున్నా 20 లీటర్లకి 40 మిల్లీలీటర్లు, నాలుగు రూపాయలు. దానికోసం చలిలో ఐదింటికి లేచి బంకుకి వెళ్లడానికి స్టార్ట్ చేసే కారు అంతకన్నా ఎక్కువే తాగుతుంది. కొట్టించేటప్పుడు మీటరు మీద సున్నా చూసుకోండి, చాలు.

అద్దం మీద పొగమంచు పట్టినప్పుడు హీటరు వేస్తే పెట్రోల్ కాలుతుందేమో అని కొంతమంది చేత్తో తుడుచుకుంటూ వెళ్తుంటారు, అలా వద్దు. హీటరు ఇంజనులో ఎలాగూ వృథాగా పోయే వేడినే లోపలికి తోస్తుంది, దానికి విడిగా పెట్రోల్ అక్కర్లేదు, ఫ్యానుకి కరెంటు కాస్త. తేమ పోవడానికి ఏసీ బటన్ కూడా నొక్కాల్సి వస్తుంది, దానికి కొంచెం పడుతుంది, అయినా ముందు అద్దం కనపడటం కన్నా మైలేజీ ముఖ్యం కాదు కదా. సైలెన్సర్ నుంచి పొద్దున నీళ్లు కారినా, తెల్లటి ఆవిరి వచ్చినా కంగారు పడకండి, పెట్రోల్ మండితే నీరు పుడుతుంది, చల్లటి గొట్టంలో అది కారుతుంది. అయితే రోజూ ఇలా చిన్న ట్రిప్పులే అయితే ఆ నీరు, మండని పెట్రోల్ కొంత ఇంజనాయిల్‌లోకి కూడా దిగుతాయి, వేడెక్కి ఆవిరయ్యే టైమ్ దొరకదు. అందుకే ఓనర్ మాన్యువల్లో తక్కువ దూరాలు ఎక్కువగా తిరిగేవాళ్లు ఆయిల్ ముందే మార్చుకోవాలని రాసి ఉంటుంది, ఆ పేజీ ఒకసారి చూడండి. అదే పేజీలో ఏ గ్రేడు ఆయిల్ పోయాలో కూడా ఉంటుంది, గల్లీ గ్యారేజీల్లో అన్ని బళ్లకీ ఒకే డ్రమ్ములోంచి చిక్కటి 20డబ్ల్యూ50 పోసేస్తుంటారు, పల్చటి ఆయిల్‌తో నడవాల్సిన ఇంజనుకి అది పడితే చలికాలం పొద్దున ఇంకా బరువుగా తిరుగుతుంది. మొన్న సర్వీసింగ్‌లో ఏం పోశారో బిల్లు తీసి చూడండి, బిల్లు ఇచ్చి ఉంటే.

ఇప్పుడు ఇంజెక్టర్లకి వద్దాం. ఆ మెకానిక్ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి మూడు వేలు అక్కర్లేదు, ఒక ఆదివారం చాలు. శనివారం రాత్రి ట్యాంకు ఫుల్ చేయించండి, గన్ను దానంతటది టప్పున ఆగేదాకా మాత్రమే, ఆ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం కుర్రాడు చుక్కలు చుక్కలుగా పోస్తానన్నా వద్దనండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. పొద్దున వేడి చేయకుండా బయల్దేరి సంగారెడ్డి వెళ్లి అమ్మ చేతి టిఫిన్ తిని సాయంత్రం రండి, 80 దాటకుండా. తిరిగొచ్చాక అదే బంకులో, కుదిరితే అదే పంపు దగ్గర, మళ్లీ గన్ను ఆగేదాకా కొట్టించండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. స్క్రీన్ మీద కనిపించే నంబరు ఒట్టి అంచనా, ఒక్కో కారులో నిజం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది, పైగా అది ఎప్పుడు రీసెట్ చేశారన్న దాని మీద మారుతుంది. ఏసీ లేదు, దాదాపు అంతా హైవేనే కాబట్టి ఈ లెక్కలో 15 దాటి 17 దగ్గర వచ్చిందంటే మీ ఇంజను, ఇంజెక్టర్లు అన్నీ బాగున్నాయి, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి, బంకులో డబ్బా చూపించి ఈ లిక్విడ్ పోయించుకోండి మేడమ్ అనే వాళ్లకి కూడా.

హైవే మీద కూడా 12, 13 దగ్గరే ఆగిపోతే మాత్రం నా అనుమానం ఇంజెక్టర్ల మీద కాదు, మీరు ఒక్క ముక్కలో చెప్పిన ఆ కూలెంట్ మార్పిడి మీద. ఇంజనుకీ రేడియేటర్‌కీ మధ్య థర్మోస్టాట్ అని ఒక వాల్వు ఉంటుంది, ఇంజను వేడెక్కేదాకా మూసుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వదు, 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. మన దగ్గర కొంతమంది మెకానిక్‌లకి ఒక అలవాటు ఉంది, మనది వేడి దేశం, దీని పనేంటి అని ఆ వాల్వు తీసి పక్కన పారేస్తారు, బండి హీట్ కాదు కదా అని ఓనరు కూడా సంతోషిస్తాడు. హీట్ కాకపోవడమే అసలు జబ్బు. కూలెంట్ మొదట్నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంది కాబట్టి ఇంజను ఎంత దూరం వెళ్లినా 60, 70 దగ్గరే ఉండిపోతుంది, ఈసీయూ పాపం ఇంకా వేడెక్కలేదనుకుని ఎక్కువ పెట్రోల్ కొడుతూనే ఉంటుంది. వాల్వు తీసేయకపోయినా పాతబడి తెరుచుకునే ఇరుక్కుపోయినా ఇదే కథ. వేసవిలో బయటి వేడి వల్ల కొంత కప్పిపుచ్చుకుంటుంది, చలికాలంలో బయటపడుతుంది.

ఇది చూడటం తేలిక. టెంపరేచర్ ముల్లు ఉన్న కారైతే పది నిమిషాల డ్రైవింగ్ తర్వాత మధ్యలోకి వచ్చి అక్కడే ఉండాలి, హైవే మీద స్పీడు పెరిగేకొద్దీ కిందికి జారుతుంటే వాల్వు పోయినట్టే. ముల్లు లేని కారైతే స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్, అంటే కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే ప్లగ్గు ఉంటుంది, దానికి పెట్టే చిన్న బ్లూటూత్ ముక్క ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే కూలెంట్ ఎన్ని డిగ్రీలు ఉందో అంకెతో సహా కనిపిస్తుంది, 85, 95 మధ్య నిలకడగా ఉంటే వాల్వు బాగున్నట్టు. స్కానర్‌లో పి0128 అనే కోడ్ వస్తే ఇంక అనుమానం అక్కర్లేదు, ఇంజను వేడెక్కట్లేదని కారే చెప్తోంది. అప్పుడు ఆ గ్యారేజీకి వెళ్లి ఇంజెక్టర్ల మాట ఎత్తకుండా, మొన్న కూలెంట్ మార్చినప్పుడు థర్మోస్టాట్ ఉంచావా తీసేశావా తమ్ముడూ అని నేరుగా అడగండి. తీసేశాను మేడమ్, మన ఏరియాకి అది అవసరం లేదు అని గర్వంగా చెప్తే, కంపెనీ పార్టు తెప్పించి ఎదురుగా నిలబడి మళ్లీ పెట్టించండి.